వేయించిన మట్టి

సంచీ సర్దడానికి మా ఇంట్లో ప్రత్యేకంగా ఒక గది ఉంది. అందులో మంచం లేదు, బీరువా లేదు. కిటికీ సందులన్నీ టేపుతో మూసేసి ఉంటాయి. నేల మీద తెల్ల దుప్పటి, గోడకి ట్యూబులైటు, మూలన ఏదో పురుగుల మందు కలిపిన నీళ్ళ బకెట్టు. ఆ వాసన నాకు పడదు. ఆ రోజు కూడా చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

నా కూతురు దుప్పటి మీద మోకాళ్ళు మడిచి కూర్చుని ఉన్ని మేజోళ్ళని పేలదువ్వెనతో దువ్వుతోంది.

"ఇదిగో, గడ్డి గింజ," అని దువ్వెన పళ్ళ మధ్య నుంచి ఏదో పీకి లైటుకి ఎదురుగా పట్టుకుంది. "పోయిన ఏడాది కొండ ఎక్కినప్పటిది. ఇన్నాళ్ళూ ఇందులోనే కూర్చుంది చూశావా."

"కూర్చోనీ. నీలాగా ఊళ్ళు పట్టుకు తిరగడం లేదు పాపం."

"అమ్మా, జాబితా చదువు."

చదివాను. బూట్లు, అడుగున గాడులు, పిన్నుతో గీకినట్టు. వాన కోటు, జేబులు తిరగేసినట్టు, చేతుల లోపల తడిమినట్టు. నేనొక్కొక్కటి చదవడం, ఆమె అది చేసి "ఊఁ" అనడం, నేను పెన్సిలుతో టిక్కు పెట్టడం. నా కూతురు ఉద్యోగం చేసే సముద్రపు పిట్టల దీవికి బయటి గింజగాని పురుగుగాని చేరకూడదు, అందుకని అక్కడికి వెళ్ళే ఏ సంచీ అయినా ఇద్దరు కలిసి సర్దాలి. ఒకరు చదవాలి, ఒకరు దులపాలి. ఆఖరున నంబరున్న ప్లాస్టిక్ బిగింపు వేసి కాగితం అడుగున ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. ఆ నియమం రాసింది నా కూతురే. ఆఫీసులో ఆమెని వెనకాల పేలదువ్వెన మేడమ్ అంటారు. ఆమెకి తెలుసు. నవ్వుకుంటుంది.

రెండో సంతకం నాది. నేను బడి మొహం చూడలేదు. కొట్లో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు పట్టుకున్నాను, ఆ తరవాత చేతికి దొరికిందల్లా చదివాను, ఆఖరికి ఆమె కాలేజీ పుస్తకాలు కూడా, అర్థమైనంత మేరకి. అలాంటిదాన్ని 'తనిఖీ చేసినవారు' అని అచ్చు వేసిన గీత మీద సంతకం పెడుతుంటే నాకు కొంచెం గర్వంగానే ఉండేది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత.

అడవి జంతువుల చదువు చదువుతానన్నప్పుడు ఆమె జంతువుల్ని కాపాడుతుందనుకున్నాను. కాపాడుతుంది, కానీ చంపి కాపాడుతుంది. ఎక్కడి నుంచో ఓడల్లోనో పెట్టెల్లోనో వచ్చిపడి, అక్కడి వాటిని తినేస్తూ పెరిగిపోయే ప్రాణుల్ని ఏరి పారెయ్యడం ఆమె ఉద్యోగం. మొదటి పదేళ్ళూ ఎలుకలు. మా ఫ్రిజ్‌లో పై అరలో బఠాణీల పక్కన చీటీలు అంటించిన చచ్చిన ఎలుకలు ఉండేవి. వంటింట్లో నా గట్టు మీద, నా దీపం కింద, వాటి పొట్టలు కోసి చూసేది. లోపల ఈకలుంటే రాసుకునేది. ఆ గట్టుని నేను ఎన్నిసార్లు తోమానో లెక్కలేదు. ఆ గట్టు మీద తరిగిన కూర తినబుద్ధి కాక చాలాసార్లు మజ్జిగతో సరిపెట్టుకున్నాను.

"ఇది మంచి పనేనంటావా?" అని ఒకసారి అడిగాను.

ఆమె ఒక ఫొటో చూపించింది. గుడ్డు మీద పొదుగుతూ కూర్చున్న పిట్ట. వెనకవైపు వీపు లేదు. ఎలుకలు తినేశాయి. పిట్ట ఇంకా బతికే ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. గుడ్డు వదిలి లేవలేదట.

"ఎగిరిపోవచ్చుగా," అన్నాను, ఫొటో బోర్లా పెట్టి.

"వాటికి ఎలుకంటే ఏమిటో తెలీదమ్మా. పుట్టాక ఎప్పుడూ చూడలేదు. పక్కకి వచ్చి కూర్చున్న వాణ్ణి చూసి పారిపోవాలని ఎవరు చెప్పారు వాటికి?"

రెండు రోజులు అన్నం సయించలేదు. ఎలుకల్ని చంపుతున్నారని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఎలుకలు పోయాక దీవి శుభ్రపడింది. ఆ పిట్టలు ఏడాదికి ఒక్క గుడ్డు పెడతాయి, నేలలో బొరియ తవ్వుకుని. గుడ్డు పెట్టే కాలంలో తప్ప మిగతా రోజులన్నీ సముద్రం మీదే. ప్రతి అక్టోబరులో వచ్చిన బొరియకే వస్తాయి, వచ్చిన జోడుతోనే. కాళ్ళకి నంబరు వేసిన కడియాలు ఉంటాయి. అన్నిటిలోకి నా కూతురికి నలభై ఒకటంటే ప్రాణం. ఎలుకలున్న రోజుల్లో వరసగా నాలుగేళ్ళు నాలుగు పిల్లల్ని పోగొట్టుకుని, అయిదో ఏడు మళ్ళీ అదే బొరియకి వచ్చింది. ఆ ఏడు పిల్ల ఎగిరింది. దీవిలో నా కూతురు వాళ్ళుండే చెక్క గుడిసెకి తొమ్మిది అడుగుల దూరంలో దాని బొరియ.

"నలభై ఒకటి వచ్చిందా?" అని ప్రతి అక్టోబరులో ఫోనులో నేనే ముందు అడిగేదాన్ని.

"వచ్చింది. వచ్చీ రాగానే నా వేలు కొరికింది."

వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ గౌరవం. తిరిగిరాని వాళ్ళని ఎక్కువగా చూశాను.

మా అమ్మకో పిచ్చి ఉండేది. ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా పెరటి మట్టి చిటికెడు గుడ్డలో మూట కట్టి సంచీలో వేసేది, మట్టి మట్టిని వెతుక్కుంటూ వస్తుందని. ఎవరి దగ్గర నేర్చుకుందో తెలీదు, మా వీధిలో ఇంకెవరూ అలా చేసేవారు కాదు. నేనూ నవ్వేదాన్ని. నా భర్త వంతెన కట్టే పనికి వెళ్ళిన రోజు, ముందు రోజు మా ఇద్దరికీ మాటా మాటా వచ్చి, ఆయన సంచీ ఆయనే సర్దుకున్నాడు. అందులో మట్టి లేదు. వంతెన దగ్గర నుంచి ఆయన శవాన్ని తీసుకొచ్చారు గాని, ఆయన రాలేదు. అప్పటి నుంచి నవ్వడం మానేశాను.

కూతురు దేశంలో ఎక్కడికెళ్ళినా మట్టి వేశాను. దీవికి మాత్రం వెయ్యలేదు, నియమం ఉంది కదా అని. ఆమె వెళ్ళిన ప్రతిసారీ తిరిగొచ్చే దాకా నాకు ముద్ద దిగేది కాదు. ఆ గడ్డి గింజ దొరికిన ఏడాది గాలివానలు ముందే మొదలయ్యాయి. పేపర్లో రెండు పడవలు బోల్తా పడ్డాయని చదివాను. ఇక నా వల్ల కాలేదు.

అయినా నేనేం మూర్ఖురాలిని కాను. మట్టిలో ఏముంటుందో ఆమె పుస్తకాల్లోనే చదివాను, గింజలు, గుడ్లు, పురుగులు. అందుకని పెరటి మట్టి గుప్పెడు తీసుకుని మూకుడులో పోసి గంటసేపు వేయించాను. నల్లగా మాడి పొగ వచ్చేదాకా. ఇల్లంతా కాలిన వాసన. "ఏం మాడింది?" అని ఆమె లోపలి నుంచి అడిగితే "జీలకర్ర" అన్నాను. చల్లారాక పాత దిండు గలీబు గుడ్డ చింపి నిమ్మకాయంత మూట కుట్టాను. బయలుదేరడానికి ఇంకా మూడు రోజులుంది. ఇంట్లో దాచితే ఆమె కంట పడుతుంది. పెరటి గోడ మీద ఖాళీ పూలకుండీ ఉంది. ఎప్పుడో "ఇంటి దగ్గర కుండీలు వద్దమ్మా, పురుగులు చేరతాయి" అంటే మొక్కలు పీకేశాను గాని కుండీ పారెయ్యలేదు. అందులో పెట్టి పైన పెంకు మూశాను. ఆ మూడు రోజుల్లో ఒకసారి చిన్న జల్లు పడింది.

సంచీ సర్దిన ఆ రోజు, జాబితా పూర్తయి బిగింపు వెయ్యబోతుంటే ఆమెకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళింది. నేను పెరట్లోకి వెళ్ళి కుండీలోంచి మూట తీశాను. కొంచెం చెమ్మగా తగిలింది. చీమలు ఒకటో రెండో చేతి మీదకి పాకితే దులిపేశాను. సన్నకాళ్ళవి, పసుపు రంగువి, దిశ లేకుండా అటూ ఇటూ పరుగెత్తేవి. మా పెరట్లో ఎప్పుడూ ఉండేవే, మేం తిక్క చీమలంటాం. మూటని కోటు చేతిలోకి, భుజం దాకా తోసేశాను. ఆ కోటుకి అప్పటికే టిక్కు పడిపోయింది. ఆమె వచ్చి బిగింపు వేసింది, నంబరు చదివింది. సంతకం పెట్టాను.

మట్టిని వేయించాను. మూటని వేయించలేదు. నా తెలివంతా అక్కడ ఆగిపోయింది.

పడవ నడిపే అతను గేటు దగ్గర హారన్ కొట్టాడు. "పిన్నిగారూ, పేలదువ్వెన మేడమ్ తయారేనా? ఈసారి నా పడవకి కూడా తల దువ్వుతుందట."

"ముందు నీ తల దువ్వుకోరా, పిచ్చిక గూడులా ఉంది," అన్నాను.

"పిచ్చిక ఇక్కడిదే కదా పిన్నీ, పరాయిది కాదు. ఉండనివ్వండి."

ముగ్గురం నవ్వాం. సంచీ అతనే మోశాడు.

ఆ ఏడు ఆమె మార్చిలో క్షేమంగా తిరిగొచ్చింది. మొహం నల్లబడి, చేతులు పగిలి, ఒంటి నిండా చేపల కంపుతో. నలభై ఒకటి పిల్ల ఎగిరిందని చెప్పింది. మూట సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా అమ్మ మాట నిజమేననుకుని ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మరుసటి అక్టోబరులో మళ్ళీ వెళ్ళింది. ఈసారి నేనేమీ వెయ్యలేదు, అక్కడున్నది చాలుననుకున్నాను. నవంబరు నుంచి ఫోనులో గొంతు మారింది. "పనుంది" అనేది, పెట్టేసేది. నలభై ఒకటి గురించి అడిగితే "ఉంది" అంది, అంతే. జనవరి మొదటి వారంలో, రావలసిన దానికి రెండు నెలల ముందు, చెప్పకుండా వచ్చేసింది.

సంచీ గుమ్మంలోనే వదిలేసింది. వంటింట్లోకి వచ్చి గట్టు మీద రెండు వస్తువులు పెట్టింది. ఒకటి స్పిరిటు పోసిన చిన్న గాజు సీసా. అడుగున చీమలు, సన్నకాళ్ళవి, పసుపువి. రెండోది గుడ్డ ముక్క. దిండు గలీబు నీలం గీతలు నేను గుర్తుపట్టాను.

"మట్టి వేయించావు," అంది. "వాసన చూశాను. జీలకర్రన్నావు ఆ రోజు."

నేను ఆ గుడ్డ ముక్కని చేత్తో కప్పేశాను.

"వేయించాక ఎక్కడ పెట్టావు?"

"కుండీలో."

"ఏ కుండీ?"

వేలు చూపించాను. ఆమె పెరట్లోకి వెళ్ళి గోడ మీది కుండీ ఎత్తింది. అడుగున తెల్లటి గుడ్లు మోసుకుంటూ వందల చీమలు చెదిరాయి. వాటి మధ్య రెక్కలూడిన పెద్దవి, పొట్టలు ఉబ్బినవి, నాలుగో అయిదో. రాణులు. వీటిలో ఒక్క గుంపుకే అన్ని ఉంటాయట. మూటలోకి ఎన్ని చేరాయో ఏమో. ఆమె కుండీని నేలకేసి కొట్టలేదు. మెల్లిగా కింద పెట్టి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"అవి కుట్టవుగా," అన్నాను. ఏదో ఒకటి అనాలని.

"కుట్టవు. యాసిడ్ చిమ్ముతాయి." తువాలుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుంటూ చెప్పింది. "పిల్ల బొరియలోంచి కదల్లేదు కదా. మొహం నిండా పాకుతాయి. ముందు కళ్ళు పోతాయి. తెల్లగా అయిపోతాయి, ఉడికిన గుడ్డులాగా. తరవాత ముక్కు చుట్టూ చర్మం. పెద్దపిట్ట మేత తెచ్చి నోట్లో పెడదామంటే నోరెక్కడుందో దానికి దొరకదు. నలభై ఒకటి పిల్లకి అయిదు రోజులు పట్టింది."

గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆ సీసా నా కంచం పక్కనే ఉంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఎందుకన్నానో ఎన్నిసార్లు తవ్వుకున్నా భయం తప్ప ఇంకేమీ దొరకదు. "పడవలో వచ్చాయని చెప్పొచ్చుగా. తాళ్ళలోనో, బస్తాల్లోనో. ఎవరు చూశారు?"

ఆమె తువాలు మడవడం ఆపి నా వైపు చూసింది. ఎలుకల పొట్టలు కోసేటప్పుడు కూడా ఆమె మొహం అలా పెట్టడం నేను చూడలేదు.

"ఎవరి పడవ అమ్మా? పిన్నీ పిన్నీ అంటూ వచ్చేవాడి పడవేనా?"

"నీ ఉద్యోగం పోతుందని."

"పోవాలి."

"నేను పెట్టాను. నీకు తెలీదు కదా. ముసలిది చాదస్తంతో చేసిందని రాయి."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు తెలుసు. రెండో రోజే చూశాను. కోటు వేసుకోబోతే చెయ్యి దూరలేదు. తీసి చూస్తే మూట. ఎవరిదో, ఎందుకో అన్నీ అర్థమయ్యాయి. అలాంటిది దొరికితే వెంటనే డబ్బాలో మూసి, కాల్చి, ఆఫీసుకి చెప్పాలి. నేనే రాసిన నియమం. ఇంకెవరి సంచీలో దొరికినా ఆ పూటే వాళ్ళని పడవెక్కించేదాన్ని."

"మరి?"

"నవ్వొచ్చింది. పాపం, వేయించి మరీ పంపింది అనుకున్నాను. మంచం తల దగ్గర మేకుకి తగిలించాను. వచ్చేటప్పుడు అక్కడే ఉంచాను, మళ్ళీ ఏడు వస్తాను కదా అని." సగంలో ఆపిన తువాలు మడత పూర్తిచేసింది. "కిందటి ఏడు గుడిసె నేలచెక్కల కింద చేరాయి. ఈ అక్టోబరులో తలుపు తీసేసరికి గోడలు కదులుతున్నాయి. నా దుప్పటి కదులుతోంది. వాటి మధ్య పడుకున్నాను నెల రోజులు, మందు పెడుతూ. నా నోట్లో కూడా పాకాయి. అప్పుడు కూడా ఇంత అసహ్యం వెయ్యలేదు."

దేని మీద అసహ్యమో ఆమె చెప్పలేదు.

ఆమె నా ముందే కూర్చుని నివేదిక రాసింది. పదకొండు పేజీలు. నేను దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఎక్కడా నన్ను తిట్టలేదు, ఎక్కడా వెనకేసుకు రాలేదు. 'మూటను పెట్టినది నా తల్లి. గుర్తించి కూడా తొలగించనిది నేను.' వెనకాల తనిఖీ కాగితం జత చేసింది. అడుగున నా సంతకం, గుండ్రంగా, ముచ్చటగా, రెండో తరగతి పిల్ల రాసినట్టు. ఆఫీసు పెద్దావిడ ఫోను చేసి, "ఇంత వివరంగా రాయాల్సిన అవసరం లేదేమో" అందట. "అవసరం ఉంది" అని పెట్టేసింది.

పడవ అతను ఒకసారి వచ్చాడు, దీవిలో మిగిలిపోయిన ఆమె పుస్తకాల పెట్టె ఇవ్వడానికి. గేటు బయటే నిలబడ్డాడు.

"లోపలికి రా," అన్నాను.

"వద్దు పిన్నిగారూ. బూట్లు శుభ్రంగా లేవు."

అది వేళాకోళమో మామూలు మాటో అతని మొహంలో తెలియలేదు. జుట్టు నీటుగా దువ్వుకుని ఉన్నాడు.

కుండీ మీద మరిగే నీళ్ళు నేనే పోశాను. మూడు రోజులు వరసగా, గోడ పొడుగునా, పెరడంతా. చచ్చిన చీమలు కుప్పగా తేలి ఒక పుల్లటి వాసన వచ్చింది. ఆ వాసన ఇంకా నా గోళ్ళలో ఉన్నట్టే ఉంటుంది. మా పెరట్లో వాటిని చంపినా చంపకపోయినా ఎవరికీ ఒరిగేది లేదు. అయినా పోశాను. మూకుడు కూడా పారేశాను.

ఇప్పుడు నా కూతురికి రేవు గిడ్డంగిలో పని. దిగుమతి పెట్టెలు తెరిచి, చెక్కల సందుల్లో పురుగులుంటే పట్టుకోవడం. దీవికి వెళ్ళే అనుమతి ఆమెకి లేదు, ఇక ఉండదు కూడా. పొద్దున ఎనిమిదికి వెళ్ళి సాయంత్రం ఆరున్నరకి వస్తుంది. ఒక్క రోజూ ఆలస్యం కాదు. బూట్లు గుమ్మం బయట విడిచి, అడుగులు గీకి, చేతులు కడుక్కుని, తిని, తన గదిలోకి వెళ్ళిపోతుంది. నా వంట తింటుంది, వంక పెట్టదు. నేను పట్టుకున్న కంచం మాత్రం అందుకునే ముందు ఒకసారి చూస్తుంది. సంచీ సర్దే గదిలో టేపులు ఊడిపోయి కిటికీ గాలికి కొట్టుకుంటోంది. ఆమె ఎక్కడికీ వెళ్ళకుండా నా కళ్ళ ముందే ఉండాలని ముప్ఫై ఏళ్ళు కోరుకున్నాను. ఉంది. ఆరున్నరకి గేటు చప్పుడైతే కంచం మళ్ళీ ఒకసారి తోముతాను.

ఆఫీసు నుంచి నెలనెలా కాగితాలు ఇంకా మా ఇంటికే వస్తాయి. ఆమె విప్పదు. బల్ల మీద పడేసి వెళ్తుంది. నేను విప్పి చదువుతాను. చీమలకి తీపి మందు పెడుతున్నారట, ఇంకో మూడేళ్ళు పడుతుందట. ఏ బొరియకి ఏ నంబరు వచ్చిందో ఆఖరి పేజీలో ఉంటుంది.

నలభై ఒకటి డిసెంబరు ఇరవై ఒకటిన, పిల్ల చచ్చిన రెండో రోజున, సముద్రం మీదికి వెళ్ళింది. మరుసటి అక్టోబరులో రాలేదు. ఈ అక్టోబరులోనూ రాలేదు.